ఆకుపచ్చ గీత

ఆఫీసులో ఆవిడ అసలు పేరు ఎవరి నోటా వినపడదు. జీతం కాగితం మీద ఉంటుంది, అంతే. అందరికీ ఆవిడ వదినే. ఈ ఘనత మరిదిది. నాలుగేళ్ళ కిందట ఆవిడే పట్టుబట్టి అతన్ని అక్కడ చేర్పించింది. చేరిన మొదటి రోజే అతను "వదినా, ప్రింటరెక్కడా" అని గది ఈ చివర్నుంచి ఆ చివరికి కేకేశాడు. వారం తిరిగేసరికి గేటు దగ్గర కాపలా మనిషి కూడా వదినా అనడం మొదలుపెట్టాడు. మేనేజరు గారూ ఆడమనిషే, ఈవిడకంటే పన్నెండేళ్ళు పెద్ద. అయినా సరే, "వదినా, ఒక్క నిమిషం ఇలా రామ్మా" అంటూనే ఉంటుంది.

వాళ్ళ పనేమిటో చెప్పాలి, లేకపోతే జరిగిన అన్యాయం అర్థం కాదు. నలభై ఆసుపత్రుల్లో తీసిన రక్తపరీక్షల ఫలితాలు డాక్టర్లకి చేరవేసే ప్రోగ్రాములు వాళ్ళవి. ఒక్కో ప్రోగ్రామునీ ఒక్కో కంటైనర్లో పెట్టి నడుపుతారు. ఆఫీసు భాషలో వాటి పేరు డబ్బాలు. కొన్ని వందల డబ్బాలు కలిసి నడిచే గుంపు క్లస్టరు. అలాంటివి రెండున్నాయి. ఒకటి అసలుది, ఆసుపత్రులు ఆధారపడేది. రెండోది ప్రాక్టీసుది, కొత్త పనులు ముందుగా చేసి చూసుకోవడానికి. లోపలికెళ్ళి చూస్తే రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి.

మిగతావాళ్ళు మౌసుతో నొక్కుకునే రంగుల పేజీలు వాడతారు. వదినకి అవంటే ఒళ్ళుమంట. డ్యూటీ టేబుల్ మీదున్న కంప్యూటర్లో ఆవిడ టెర్మినల్ పెట్టింది. నల్ల తెర, తెల్లక్షరాలు, డబ్బాలన్నీ వరసగా, ఏది నడుస్తోందో ఏది పడుకుందో ఎదురుగా. ఒక మీట నొక్కితే డబ్బా లోపలేం జరుగుతోందో కనిపిస్తుంది. ఇంకో మీట నొక్కితే డబ్బా మళ్ళీ మొదలవుతుంది. మరో మీట నొక్కితే పోతుంది. "మీరు మౌసు పట్టుకుని వెతుక్కునేలోపు నేను టీ తాగి గ్లాసు కడిగేసుకొస్తాను" అనేది కుర్రకారుతో. కోతలు కాదు, నిజంగానే అంత వేగం.

అసలు క్లస్టరు నుంచి ప్రాక్టీసుకి వెళ్ళాలన్నా, అటునుంచి ఇటు రావాలన్నా ఒకటే మీట. అది ప్రమాదమని ఆవిడకి తెలుసు. అందుకే తెర చుట్టూ గీత గీయించింది. అసలుదైతే ఎర్ర గీత, ప్రాక్టీసుదైతే ఆకుపచ్చ గీత. ఎవరు కుర్చీ దిగినా, ఎక్కేవాళ్ళతో "గీత చూసుకో" అనాలి. ఎక్కినవాళ్ళు "చూసుకున్నా" అనాలి. మొదట్లో అందరూ నవ్వారు. తరవాత్తరవాత అది అలవాటైపోయి, క్యాంటీనులో బల్ల దగ్గర చోటు వదిలేటప్పుడు కూడా గీత చూసుకో అనుకునేవారు.

ఆ సోమవారం పొద్దున తొమ్మిదింటికి కుర్చీ దిగింది మరిది. చొక్కా నలిగి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు.

"గీత చూసుకో వదినా."

"చూసుకున్నాలే. ఇంటికెళ్ళి పడుకో. ఫ్రిజ్‌లో అన్నం పెట్టాను, తాళం నీ దగ్గరుందిగా."

"అన్నయ్య తినెయ్యకుండా ఉంటే."

"మీ అన్నయ్య తింటే నీకు నేను మళ్ళీ వండుతాను, సరేనా" అంటూ కూర్చుంది.

రోజూ తొమ్మిదింటికి ప్రాక్టీసు క్లస్టరు మొత్తం ఖాళీ చేసి కొత్తగా నింపడం ఆవిడ పని. మీట నొక్కింది. ఎర్రగా ఉన్న గీత ఆకుపచ్చయింది. డబ్బాలన్నిటినీ ఎంచుకుంది. తీసెయ్యమంది. నిజంగానా అని తెర అడిగింది. అవునంది. నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉంది, ఈవిడ అవునంటూనే ఉంది. డబ్బాలు ఒకదాని వెనక ఒకటి మాయమయ్యాయి.

మూడు నిమిషాలకి మొదటి ఫోను వచ్చింది. పదో నిమిషానికి గదిలో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి. ఖాళీ అయింది అసలు క్లస్టరు.

"గీత పచ్చగా ఉందండీ" అంది వదిన. తెర వైపు చూపించబోయింది. మేనేజరు గారు వినే స్థితిలో లేదు. "ముందు లోపలికి రా, పెద్దాఫీసు లైన్లో ఉంది" అని రెక్క పట్టుకుని అద్దాల గదిలోకి లాక్కెళ్ళింది. ఇంకా బయల్దేరని మరిది బ్యాగు కింద పడేసి డ్యూటీ కుర్చీలో కూర్చున్నాడు. రెండున్నర గంటలు కదల్లేదు. ఒక్కో డబ్బానీ లేపి నిలబెట్టాడు. అందరూ అతని భుజం తట్టినవాళ్ళే. ఆ పూట ఒక ఆసుపత్రిలో ఒకరి ఆపరేషను మర్నాటికి వాయిదా పడింది. ప్రాణాలేం పోలేదు, అది మాత్రం అదృష్టం.

వదిన అద్దాల గదిలోంచి బయటికొచ్చి డ్యూటీ టేబుల్ దగ్గరికి పరుగెత్తింది. తెర మీద అసలు క్లస్టరుంది. చుట్టూ గీత ఎర్రగా ఉంది. మీట నొక్కింది. ప్రాక్టీసు. ఆకుపచ్చ. ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆవిడ వెనకాల ఆరుగురు నిలబడి చూస్తున్నారు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం విచారణ అన్నారు. ఆలోపల ఆవిడ రాసివ్వాల్సిన కాగితం మేనేజరు గారే టైపు చేయించి పెట్టింది. రంగు పొరబడ్డాను, తప్పు నాదే, ఇకమీదట అసలు క్లస్టరు జోలికి వెళ్ళను. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, ఆ కుర్చీ ఉండదు. నల్ల తెర కూడా ఉండదు. కుర్చీ ఎవరికిస్తారో అప్పటికే అందరికీ తెలుసు. రెండున్నర గంటల్లో అన్నీ నిలబెట్టినవాడికి కాక ఇంకెవరికిస్తారు?

ఇంటికొచ్చి భర్త ముందు కూలబడింది. ఆయన స్కూల్లో లెక్కలు చెబుతారు. ఊరంతా మాస్టారంటుంది, మనమూ అలాగే అందాం. మాస్టారు అంతా విన్నారు. మంచినీళ్ళిచ్చారు.

"పచ్చగా ఉందండీ. నా కళ్ళతో చూశాను."

మాస్టారు ఖాళీ గ్లాసు అందుకుని, "రోజంతా ఆ తెర ముందే కదా. ఒకసారి కళ్ళు చూపించుకుందాం. నేనూ వస్తాను" అన్నారు.

ఆవిడకి ఏడుపొచ్చింది. నమ్మనందుకు కాదు, స్కూలు మానుకుని వస్తానన్నందుకు. ఎంత మంచి భర్త అనుకుంది పాపం.

బుధవారం కళ్ళ డాక్టరు దగ్గర రంగు చుక్కల పుస్తకం పెట్టారు. ఎర్ర చుక్కల మధ్య పచ్చ చుక్కలు, వాటిలో దాక్కున్న అంకెలు. వదిన గడగడా చదివేసింది. డాక్టరమ్మ పుస్తకం మూసింది.

"మీ కళ్ళకేం లేదమ్మా. ఎరుపూ పచ్చా తేడా తెలియకపోవడం ఎక్కువగా మగవాళ్ళలోనే ఉంటుంది. తల్లి వైపు నుంచి కొడుకులకొస్తుంది. మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉందా?"

"మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అన్నారు మాస్టారు.

అడిగింది ఆవిడని. జవాబిచ్చింది ఆయన. పైగా డాక్టరు ఇంకా మాట ముగించకముందే. వదిన పెద్దగా పట్టించుకోలేదు. అద్దాలక్కర్లేదని డాక్టరంటే, "తెర ముందు పని కదండీ, ఏదో ఒకటి రాయండి" అని మాస్టారు వదల్లేదు. పవరు లేని అద్దాలు రాయించి, అక్కడికక్కడే చేయించి, స్వయంగా ఆవిడ చెవులకి తగిలించారు.

తిరిగొచ్చే దారిలో కూరగాయల కొట్టు దగ్గర ఆగారు. వదిన టమాటాలు ఏరుతోంది. పోయిన నెల మరిదిని పంపిస్తే అన్నీ పచ్చివి తెచ్చాడు, ఒక్కటి పండలేదు. "కళ్ళు నెత్తికెక్కాయా చిన్నా" అని అందరి ముందూ ఆటపట్టించింది. అతను నవ్వలేదు. దానికి ముందోసారి గోడకి ఆకుపచ్చ రంగు తెమ్మంటే ఇటుక రంగు డబ్బా మోసుకొచ్చాడు. ఇస్త్రీ పెట్టె మీద చిన్న దీపం చూపించి "ఎర్రదా పచ్చదా వదినా" అని అడిగేవాడు. బద్ధకమనుకుంది. టమాటా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొట్టువాడు రెండుసార్లు పిలిచాక గానీ పలకలేదు.

గురువారం పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకెళ్ళింది. ఏం జరిగిందని వారమంతా అందరూ తవ్విపోశారు. ఎవరు ఏ డబ్బా ఎప్పుడు తీశారో, ఎప్పుడు లేపారో, అన్నీ బయటపెట్టారు. గీత రంగుల ఫైలు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. రంగులకేముంది, అలంకారమనుకున్నారు. ఆ ఫైల్లో ఎరుపనీ ఆకుపచ్చనీ రాసుండదు. ఒక్కో రంగుకీ ఆరేసి అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తుంటుంది. ఆవిడ ఆ ఫైలు మీద చెయ్యి వేసి ఏడాదిన్నర అయింది. చివరిసారి అది మారింది సోమవారం పొద్దున తొమ్మిదీ ఇరవయ్యారుకి.

తొమ్మిదీ ఇరవయ్యారుకి ఆవిడ అద్దాల గదిలో ఉంది. కుర్చీలో మరిది ఉన్నాడు.

దాచిపెట్టిన పాత కాపీలు కూడా వెతికి చూసింది. చూసినకొద్దీ కథ దానంతటదే విప్పుకుంది. సోమవారం దాకా మరిది డ్యూటీ ఎక్కిన ప్రతిసారీ ఎరుపూ పచ్చా తీసేసి తెలుపూ నీలమూ పెట్టుకుంటున్నాడు. దిగేముందు మళ్ళీ ఎరుపూ పచ్చా రాసేస్తున్నాడు. ఏడాదిన్నరగా ఒక్కసారీ తప్పు పడలేదు. సోమవారం తెల్లారాక, అలసటలో, రెండు గుర్తులూ తారుమారు చేశాడు. తప్పు పడ్డట్టు తెలిసే దారి అతనికి లేదు, ఆ కళ్ళకి రెండు గీతలూ ఒకటే. వదిన గీత పచ్చగా ఉందనగానే మాత్రం తెలిసిపోయింది. డబ్బాలు లేపడానికి కూర్చున్నవాడు అన్నిటికంటే ముందు గుర్తులు సరిచేసి, ఆ తరవాత పనిమంతుడనిపించుకున్నాడు.

ఆవిడకి కోపం రాలేదు, నిజం చెప్పాలంటే. జాలేసింది. ఒక్క మాట చెప్పుంటే ఒక్క పూటలో గీతలు మార్చేసేది. అసలుదానికి జంట గీత, ప్రాక్టీసుదానికి ఒంటి గీత, అంతేగా.

మధ్యాహ్నం అతన్ని వెనక మెట్ల దగ్గరికి పిలిచింది. అక్కడ పాడైపోయిన కుర్చీలు పేర్చి ఉంటాయి, ఎవరూ రారు.

"ఫైలు చూశాను చిన్నా" అంది.

అతను గోడకి ఆనుకుని అలాగే జారి మెట్టు మీద కూర్చున్నాడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

"ఇదివరకు ఒక ఉద్యోగం ఈ కళ్ళ వల్లే పోయింది వదినా. చుక్కల పుస్తకం పెట్టి, పనికిరావు పొమ్మన్నారు. ఇక్కడ కూడా పంపించేస్తారని..."

"నన్ను పంపించేస్తున్నారుగా."

"నీకేం కాదు వదినా. నువ్వు ఎక్కడైనా నెగ్గుకొస్తావు. అన్నయ్య కూడా అదే అన్నాడు."

వదిన ఒక మెట్టు దిగి అతనికి ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యకెప్పుడు చెప్పావు?"

"సోమవారమే. నువ్వింకా ఆఫీసులోనే ఉన్నావు. తను చూసుకుంటానన్నాడు."

సోమవారం. అంటే మంచినీళ్ళిచ్చినప్పటికే తెలుసు. స్కూలు మానుకున్నప్పుడు తెలుసు. చుక్కల పుస్తకం తిప్పుతుంటే పక్కన కూర్చుని, ప్రతి అంకెకీ ఆవిడ కళ్ళు బాగున్నాయని తెలిసే కూర్చున్నారు. ఇంత నమ్మకద్రోహం చేసి అద్దాలు చెవికి తగిలించడానికి చేతులెలా వచ్చాయో ఆయనకే తెలియాలి.

"సరే విను" అంది వదిన. "నీ కళ్ళ సంగతి నేనెవరికీ చెప్పను. నువ్వూ చెప్పక్కర్లేదు. రేపు వాళ్ళడిగినప్పుడు రంగులు నేను మార్చాను, పొరపాటు జరిగింది అని ఒక్క ముక్క చెప్పు చాలు. నా ఉద్యోగం నీ మాట మీదుంది."

అతను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆవిడ వేళ్ళ మీద పడ్డాయి.

"నేనే చెప్తాను వదినా. నీ మీద ఒట్టు."

ఆ సాయంత్రం మాస్టారు జవాబు పేపర్లు దిద్దుతూ, తల ఎత్తకుండానే, "అద్దాలు పెట్టుకుంటున్నావా?" అని అడిగారు. వదిన పెట్టుకునే ఉంది. రేపు మరిది నోటితో అంతా సర్దుకుంటే, ఇంట్లో ఈ గొడవ ఎత్తకుండానే మింగేద్దామనుకుంది. అంత వెర్రిబాగులది.

శుక్రవారం పదింటికి పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. పెద్దాఫీసు నుంచి ఒక నెరసిన జుట్టు పెద్దమనిషి వచ్చాడు. వదిన ముందు కాగితం, దాని మీద పెన్ను. మరిది ఎదురుగా. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"ఆ తెర రంగులు ఎవరైనా మార్చారా?" పెద్దమనిషి మరిదినే అడిగాడు. "ఆమెకంటే ముందు కూర్చున్నది మీరు కదా."

మరిది వదిన వైపు చూశాడు. ఆవిడ చిన్నగా తలూపింది. చెప్పు చిన్నా, ఏం కాదు అన్నట్టు.

"లేదండీ" అన్నాడు మరిది. "ఎవరూ ముట్టుకోలేదు." ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. "వదిన ఈమధ్య బాగా అలిసిపోతోందండీ. ఇంట్లో కూడా గమనించాం. మొన్ననే కళ్ళ డాక్టరుకి చూపించి అద్దాలు కూడా వేయించాడు మా అన్నయ్య."

అందరూ ఆవిడ అద్దాల వైపు చూశారు. మేనేజరు గారు జాలిగా చూసింది. అప్పుడు అర్థమైంది వదినకి ఆ అద్దాలు ఎందుకో. అన్నదమ్ములిద్దరూ కలిసే అనుకున్నారో, ఒకడు వేసిన దారిలో ఇంకొకడు నడిచాడో ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నాలుగేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మీటా నేర్పిన మనిషి, నిన్న చేతుల మీద ఏడ్చిన మనిషి, ఇవాళ నిలువునా గొంతు కోశాడు.

అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. బ్యాగులోంచి రెండు కాగితాలు తీసి పెద్దమనిషి ముందుకి జరిపింది.

"ఇది రంగుల ఫైలండీ. సోమవారం తొమ్మిదీ ఇరవయ్యారుకి మారింది. ఆ టైముకి నేను మేనేజరు గారి పక్కన ఉన్నాను. మారకముందు ఎలా ఉందో రెండో కాగితంలో ఉంది. రంగులు తలకిందులుగా ఉన్నాయి."

పెద్దమనిషి చదివాడు. మేనేజరు గారు లాక్కుని చదివింది. తలెత్తి మరిది వైపు తిరిగింది.

"కుర్చీలో నువ్వేగా ఉన్నావు. ఎందుకు మార్చావు?"

మరిది మళ్ళీ వదిన వైపే చూశాడు. తను తడబడ్డప్పుడల్లా ఆవిడే అందుకుని మాట పూర్తిచేసేది, ఇప్పుడూ చేస్తుందనుకున్నాడు. మేనేజరు గారు కూడా ఆవిడనే అడిగింది.

"ఏమిటి వదినా ఇదంతా? నీకు తెలుసా?"

"తెలుసండీ. చెప్పనని మాటిచ్చాను. ఆయన్నే అడగండి" అంది వదిన.

అతన్ని ఆవిడ ఆయన అనడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. చివరికి మరిది తనే చెప్పాడు, బల్ల వైపు చూస్తూ, మొదటినుంచీ. పెద్దమనిషి ఓపిగ్గా విన్నాడు.

"కళ్ళ కోసం మేమెవర్నీ తీసెయ్యమయ్యా. నా పెద్దకొడుక్కీ అదే ఉంది" అన్నాడు. "కానీ ఇప్పుడు అబద్ధమాడావు చూడు, దానికి నేనేం చెయ్యలేను."

సంతకం లేని కాగితాన్ని మేనేజరు గారు తనే చింపేసింది. మధ్యాహ్నం వదిన డ్యూటీ కుర్చీలో కూర్చుని గీతలు మార్చింది. అసలుదానికి జంట, ప్రాక్టీసుదానికి ఒంటి. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. పక్కనున్నవాళ్ళు ఏదో అడగబోయి, వదినా అనడానికి మొహమాటపడి, మేడమ్ అన్నారు.

ఇంటికెళ్ళేసరికి మాస్టారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"వాడు ఫోన్ చేశాడు" అన్నారు. మొహం నల్లబడిపోయింది. "అమ్మ పోయాక వాణ్ణి నా చేతుల్తో పెంచాను. నీకు తెలుసు. సొంత మనిషిని పట్టుకుని పదిమంది ముందూ అలా నిలబెడతావా? నువ్వింత పని చేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు."

వదిన చెప్పులు విడిచింది. బ్యాగులోంచి అద్దాల పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది.

"బుధవారం ఆ చుక్కలు చదువుతుంటే నా పక్కనే కూర్చున్నారు" అంది. "అప్పుడు నేనెవరి మనిషినండీ?"

మాస్టారు పెట్టెని జేబులో వేసుకున్నారు. ఆవిడ ఆయన్ని తప్పించుకుని లోపలికెళ్ళి, మరిది కోసం ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం, సోమవారం నుంచి ఎవరూ ముట్టనిది, తీసి పారేసి గిన్నె కడిగింది.